సర్వరు డౌన్ అనే ముందు

ఈ సంచికకి ఏదైనా రాయమని మన సంఘ కార్యదర్శి అడిగినప్పుడు, దేని గురించి రాయమంటావని ఎదురు అడిగాను. "ఏదైనా సరే, యువత–దేశ భవిష్యత్తు మాత్రం వద్దు, అవి ఇప్పటికే ఏడొచ్చాయి" అన్నాడు. అంచేత నాకు తెలిసిన చిన్న సంగతి ఒకటి రాస్తున్నాను. దీన్లో ఆవేశం తక్కువ, ఇనుము ఎక్కువ. సాహిత్యం కోసం ఈ పేజీ తెరిచిన మిత్రులు నన్ను మన్నించి పక్క పేజీలో కవిత చదువుకోవచ్చు.

"సర్వరు డౌన్". ఇవాళ పల్నాడులో ఈ రెండు మాటలూ తెలియని ముసలమ్మ లేదు. పొలం కాయితాల కోసం రిజిస్ట్రారాఫీసుకి పోయే రైతుకి తెలుసు. రేషను కోసం వేలిముద్ర వెయ్యటానికి నిలబడే మా అమ్మమ్మకీ తెలుసు. 1998లో కార్డ్ పథకం కింద అప్పటి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. 2011లో మీసేవ వచ్చింది. ఆ తరవాత మన బతుకులో ముఖ్యమైన కాయితం ప్రతిదీ ఎక్కడో ఒక ఇనప పెట్టెలోకి వెళ్లి కూర్చుంది. ఒకప్పుడు "కరణం గారు ఊళ్లో లేరు" అని తిప్పి పంపేవాళ్లట. ఇప్పుడు ఆ మాట బదులు ఈ మాట. మా అమ్మమ్మ లెక్కలో సర్వరంటే విజయవాడలోనో హైదరాబాదులోనో వుండే పెద్దాఫీసరు, ఆయనకి తరచూ జ్వరమొస్తుంది.

నవ్వుకున్నాంగాని, ఆమె మాటలో ఒక న్యాయం వుంది. జ్వరమొస్తే ఏ జ్వరమో చూడాలి గదా? డౌన్ అయిందంటే ఏమయినట్టు? లైను తెగిందా, ప్రోగ్రాం చెడిందా, లేక యంత్రానికే రోగమా? మొదటి రెండింటి సంగతి తెలిసినవాళ్లు చాలామంది వున్నారు. మూడోదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. విచిత్రమేమిటంటే, ఈ మూడోదాన్ని కనిపెట్టే సాధనం యంత్రంతో పాటే, మనం చెల్లించిన డబ్బులోనే, దాని కడుపులోనే పెట్టి ఇస్తున్నారు. దాన్ని ఒక్కసారైనా తిప్పి చూసిన పాపాన పోయేది ఎవరు? ఈ మాట నేను ఉత్తినే అనటం లేదు. దీనివల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది. అందులో నా చెయ్యి కూడా వుంది.

నేను ఈ కాలేజీకి ఈసెట్ రాసి రెండో సంవత్సరంలో వచ్చినవాణ్ణి. అంతకు ముందు డిప్లొమా చదివింది పల్నాడులోనే, సున్నం లారీలు తిరిగే రోడ్డు పక్కనున్న ఒక కాలేజీలో. పేరు అనవసరం. అక్కడ కంప్యూటరు ల్యాబు చివర చిన్న గదిలో ఒక సర్వరు వుండేది. మా హాజరు, ఇంటర్నల్ మార్కులు అన్నీ అందులోనే. ఆ గదికి మొదట్లో ఏసీ వుండేదట, నేను చేరే నాటికి అది ప్రిన్సిపాలు గారి గదిలోకి బదిలీ అయింది. కిటికీ తలుపు సరిగా పడేది కాదు. వేలితో గీస్తే సర్వరు మీద పేరు రాయొచ్చు, అంత తెల్లటి దుమ్ము.

దాన్ని చూసుకునే ల్యాబ్ అసిస్టెంటు దుర్గి వైపు మనిషి. కాంట్రాక్టు ఉద్యోగం. మేమంతా అన్నా అనే పిలిచేవాళ్లం. మా వైర్లూ మౌసులూ ఆయనే బాగుచేసేవాడు, రికార్డు పుస్తకాలకి అట్టలు కూడా ఆయనే వేసిపెట్టేవాడు.

2023 సంక్రాంతి సెలవుల తరవాత కాలేజీ తెరిచేసరికి సర్వరు తనంతట తాను ఆగి, మళ్లీ మొదలై, ఏదో ప్రశ్న అడుగుతూ నిలబడి వుంది. హాజరు పట్టికలు చెడిపోయాయి. పాత నకలు ఎక్కించారు. అది నవంబరు నాటిది. రెండు నెలల హాజరు గాలికి పోయింది. అన్న రాత్రిళ్లు కూర్చుని రిజిస్టర్లు చూసి తిరిగి ఎక్కించాడు. ఫిబ్రవరిలో మళ్లీ రెండుసార్లు అదే జరిగింది. కొన్ని రిజిస్టర్లు దొరకలేదు. 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకి కూర్చోవటానికి తిప్పలు, ఫీజు రీయింబర్సుమెంటుకి తిప్పలు. రోజూ ఉదయం ఆరింటికి రెంటచింతల నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలకి అరవై శాతం చూపిస్తోంది. ఎవరికి మండదు?

అప్పుడు పుట్టాయి మాటలు. సర్వరు ఆగినప్పుడల్లా డ్యూటీలో వున్నది ఆయనేనన్నారు. (నిజమే. ఆయన తప్ప ఆ డ్యూటీలో ఇంకెవరూ లేరు మరి.) ఎవరి దగ్గరో డబ్బు తీసుకుని హాజరు మారుస్తున్నాడన్నారు. మారుస్తూ మారుస్తూ చెడగొట్టాడన్నారు. తరగతి ప్రతినిధిగా నేను ఒక అర్జీ రాశాను. "బాధ్యులపై కఠిన చర్య" అనే మాట అందులో రెండుసార్లు వాడాను. నలభై మంది సంతకాలు, మొదటిది నాది. ఫిబ్రవరి ఆఖర్లో ఆయన్ని రావద్దన్నారు.

మే నెలలో ఈసెట్ పనిమీద సర్టిఫికెట్ల కోసం అక్కడికి పోయాను. కొత్తగా వచ్చిన అసిస్టెంటు విండోస్ మూడుసార్లు వేసినా మధ్యలోనే చచ్చిపోతోందని తలపట్టుకుని వున్నాడు. గుంటూరు నుంచి సర్వీసు ఇంజనీరు వచ్చాడు. ఆయన బ్యాగు కూడా తెరవలేదు. సర్వరు ఆపి మళ్లీ వేశాడు, మొదటి బొమ్మ రాగానే ఒక మీట నొక్కాడు, మెనూలో హార్డువేరు డయాగ్నస్టిక్స్ అనే వరస ఎంచుకున్నాడు, టీ తాగొద్దాం పదండన్నాడు. మేము తిరిగొచ్చేసరికి తెర మీద ఎర్ర అక్షరాల్లో వుంది: ఫలానా నంబరు స్లాటులో మెమరీ తప్పు.

అంతటితో ఆయన నమ్మలేదు. అది నాకు నచ్చింది. ఆ మెమరీ స్టిక్కు తీసి, దాని బంగారు పళ్లు తుడిచి, మళ్లీ అక్కడే పెట్టి పరీక్షించాడు. మళ్లీ తప్పే. ఈసారి దాన్ని వేరే స్లాటులో పెట్టాడు, దాని చోట మంచిదాన్ని పెట్టాడు. తప్పు స్టిక్కుతో పాటు కొత్త స్లాటుకి మారింది. అంటే బోర్డు మంచిదే, స్టిక్కే చెడ్డది. ఎద్దుల్ని ఎడం నుంచి కుడికి మార్చి కట్టి ఏది మొరాయిస్తోందో చూడటమన్నమాట. ఇంతకన్నా శాస్త్రీయమైన పద్ధతి నాకు తెలిసి ఏ ల్యాబులోనూ మాకు చూపించలేదు.

తరవాత ఆయన సర్వరు డైరీ తెరిచాడు. సర్వరు లోపల ఇంకో బుల్లి కంప్యూటరు వుంటుంది. పెద్ద యంత్రం ఆగినా, తీగలో కరెంటు వున్నంతసేపూ అది మేలుకునే వుంటుంది. ఫ్యాను తిరుగుళ్లు, వేడి, వోల్టేజి, మెమరీ తప్పులు అన్నీ తేదీలతో రాసుకుంటుంది. వేరువేరు కంపెనీల సర్వర్లు ఈ సంగతుల్ని ఒకే పద్ధతిలో చెప్పాలని ఇంటెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ, డెల్ కలిసి 1998లో ఐపీఎంఐ అనే ఒప్పందం చేసుకున్నాయి. ఆ డైరీలో 2022 నవంబరు నుంచీ ఆ స్లాటు పేరే. మొదట "సరిదిద్దిన తప్పు, సరిదిద్దిన తప్పు, తప్పులు హద్దు మీరుతున్నవి" అని వరసగా వుంది. ఆ పైన "సరిదిద్దలేని తప్పు", వెంటనే "యంత్రం తిరిగి మొదలు". దాని తేదీ 2023 జనవరి 15, వేళ తెల్లవారుజాము మూడు గంటల పది నిమిషాలు.

జనవరి 15. సంక్రాంతి పండగ. ఆదివారం. కాలేజీకి తాళం. అన్న వాళ్ల ఊళ్లో అరిసెలు తింటూ వుండాలి, లేకపోతే కోడిపందెం చూస్తూ వుండాలి. (కోడిపందెం మీద యుద్ధమే చేసిన గడ్డ మనది.) నాకొక అనుమానమొచ్చి అడిగాను: ఈ గడియారం మన కాలం చూపిస్తోందా, గ్రీనిచ్ కాలమా? ఇంజనీరు నవ్వి, "చాలావాటిలో గ్రీనిచ్ కాలమే పెట్టి వుంటుంది. అయిదున్నర గంటలు కలుపుకో" అన్నాడు. కలిపాను. ఉదయం ఎనిమిదీ నలభై. అప్పుడూ సంక్రాంతే. అప్పుడూ తాళమే. ఫిబ్రవరిలో జరిగిన రెండు తేదీలు కూడా చూశాను. అక్కడ కూడా ఆ స్లాటే వుంది.

ఆ పరీక్షకి పట్టింది గంట లోపు. ఖర్చు నాలుగు టీలు. జనవరిలో ఎవరైనా ఆ మీట నొక్కి వుంటే?

ఇక్కడ కాస్త ఆగి ఈ పరీక్ష ఏమిటో చెప్పాలి, లేకపోతే మంత్రం లాగా కనపడుతుంది. మన ఇంటి కంప్యూటరు కూడా వేసిన వెంటనే తనని తాను ఒకసారి తడుముకుంటుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ అన్నీ బాగుంటే ఒక్కసారి కూత పెట్టేది. తేడా వుంటే కూతలు మారేవి, ఆ కూతల లెక్కని బట్టి మెకానిక్కు రోగం చెప్పేవాడు. అది పైపై పరీక్ష. నిమిషాల్లో అయిపోతుంది. పైగా సర్వర్లని రోజూ ఆపి వెయ్యరు. నెలల తరబడి ఆగకుండా నడిచే యంత్రానికి ఆ పైపై పరీక్ష కూడా నెలల తరబడి జరగదు.

పెద్ద పరీక్ష వేరే. కొత్త సర్వర్లన్నిటిలోనూ ఏదో రూపంలో వుంటుంది. డెల్ పవర్‌ఎడ్జ్ రకాల్లో మొదట్లో ఎఫ్10 నొక్కితే లైఫ్‌సైకిల్ కంట్రోలరు వస్తుంది, అందులో హార్డువేరు డయాగ్నస్టిక్స్ వుంటుంది. మిగతా కంపెనీల్లో మీట వేరు, పేరు వేరు, పని అదే. విండోసు, లినక్సు ఏదీ నడవకుండానే ఇది నడుస్తుంది. అదే దాని గొప్పతనం. ప్రోగ్రాముల మీద అనుమానం లేకుండా యంత్రాన్ని ఒంటరిగా నిలబెట్టి అడుగుతుంది.

మెమరీని ఎట్లా అడుగుతుందో చూడండి. ప్రతి గదిలోనూ సున్నాలు రాస్తుంది, తిరిగి చదువుతుంది. ఒకట్లు రాస్తుంది, చదువుతుంది. ఒకటీ సున్నా, ఒకటీ సున్నా అని అల్లి రాస్తుంది, తరవాత దాన్ని తలకిందులు చేసి రాస్తుంది. ఒకే ఒక్క ఒకటిని ఈ చివర నుంచి ఆ చివరకి నడిపిస్తుంది. ఒక గదిలో రాస్తే పక్క గది చెదురుతుందేమో చూస్తుంది. సాగర్ కుడికాలువ మీద లస్కరు ప్రతి తూముకీ నీళ్లు వదిలి, గట్టు ఎక్కడ కారుతోందో నడిచి చూసినట్టు. కాలువ ఎంత పొడుగైతే నడక అంత. మెమరీ ఎక్కువున్న సర్వరులో పూర్తి పరీక్షకి గంటల తరబడి పడుతుంది. డిస్కుకి చిన్న పరీక్ష నిమిషాల్లో అవుతుంది. పెద్దది పళ్లెం మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా చదువుతుంది, అదీ గంటల పనే. ఫ్యాన్లని పూర్తి వేగానికి తీసుకుపోయి, నిజంగా అంత వేగం అందుకున్నాయా అని లెక్క చూస్తుంది. బ్యాటరీ, పవర్ సప్లై, వేడిమి కొలిచే ముళ్లు, అన్నీ వరసగా. చివర ఒక కోడు ఇస్తుంది. ఆ కోడు కాయితం మీద రాసుకుంటే కంపెనీవాడు మారు మాట్లాడకుండా వారంటీలో సామాను మారుస్తాడు. కోడు లేకుండా ఫోను చేస్తే "ఒకసారి ఆపి వెయ్యండి సార్" అంటాడు.

ఇక వేడి సంగతి. సర్వరు లోపలికి పోయే గాలి 35 డిగ్రీల లోపు వుండాలని తయారీదార్లు సాధారణంగా పెట్టే హద్దు. మే నెలలో మన రెంటచింతలలో 45 చూడటం కొత్తా? ఆ వేడికి పిడుగురాళ్ల సున్నం దుమ్ము తోడు. అమెరికా వాడి పుస్తకంలో ఏడాదికోసారి అని రాస్తే మనకది చాలదు. వాడి గదికి ఏసీ వుంటుంది. మన గది ఏసీ ఎప్పుడు ఎవరి గదిలోకి బదిలీ అవుతుందో తెలియదు.

మన సిలబస్ మీద కూడా నాకొక మాటుంది. కంప్యూటర్ ఆర్గనైజేషనులో హ్యామింగ్ కోడ్ లెక్క చెయ్యని విద్యార్థి లేడు. నాలుగు బిట్లకి మూడు కాపలా బిట్లు, ఏ బిట్టు తప్పిందో కనిపెట్టు, అయిదు మార్కులు. ఆ లెక్క ఎందుకు పుట్టిందో ఎవరైనా చెప్పారా? 1940ల చివర బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హ్యామింగ్ తన లెక్కల్ని వారాంతాల్లో రిలే యంత్రం మీద వేసి ఇంటికి పోయేవాడు. యంత్రం తప్పు పసిగడితే, మనిషి లేడు గనక, ఆ లెక్క వదిలేసి పక్కవాడి లెక్కకి పోయేది. సోమవారం వస్తే ఏమీ వుండేది కాదు. తప్పుందని తెలుసుకోగల యంత్రం అది ఎక్కడుందో కనిపెట్టి దిద్దుకోలేదా అని ఆయనకి ఒళ్లు మండింది. ఆ మంటలోంచి వచ్చిందే 1950 నాటి ఆయన పత్రం. సర్వరు మెమరీలో "సరిదిద్దిన తప్పు" అని డైరీ రాసుకునేది ఆ లెక్క సంతానమే. ఒక బిట్టు తప్పితే దిద్దుతుంది, రెండు తప్పితే దిద్దలేనని చెప్పి ఆగిపోతుంది. మనం పరీక్షలో చేసే లెక్కనే, మన గోడ అవతల యంత్రం రాత్రింబవళ్లు చేస్తోంది. ఆ రెండింటికీ మధ్య గోడ ఎందుకుండాలి?

మరమ్మతు పని తక్కువరకం పని అనే భావం కూడా మనలో వుంది. కోడు రాసేవాడు ఇంజనీరు, స్క్రూ తిప్పేవాడు మెకానిక్కు. చరిత్ర అట్లా లేదు. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ మొదలైంది. మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు దానికి ఆద్యులు. టీడీసీ-12, టీడీసీ-316 వంటి కంప్యూటర్లు అక్కడ తయారయ్యాయి. వాటిని కట్టినవాళ్లకి స్క్రూలు తెలియకుండా ఎట్లా కుదురుతుంది? 1978లో ఐబీఎం ఈ దేశం వదిలి పోయినప్పుడు, వాళ్లు వదిలి వెళ్లిన యంత్రాలు మూలన పడకుండా చూసిన ప్రభుత్వ సంస్థ పేరు సీఎంసీ. కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్. 1975లో పెట్టిన ఆ సంస్థ పేరులోనే మెయింటెనెన్స్ వుంది. ఎవరో కట్టిన యంత్రానికి రోగమేమిటో కనిపెట్టటమే ఆ సంస్థకి మొదటి పెట్టుబడి. అది తరవాత తరవాత పెద్ద పెద్ద పనులు చేసి, 2015లో టీసీఎస్‌లో కలిసిపోయింది.

ఇక నా వాదానికి ఎదురు మాటలు. ఈ వ్యాసం చదివి వినిపిస్తే నా రూమ్మేటు వెంటనే అన్నాడు, "సర్వరు గంటల తరబడి ఆపితే పనెట్లా?" అని. ఆపకపోతే అదే ఆగుతుంది, అది కూడా పరీక్ష ఫీజు కట్టే ఆఖరి రోజున ఆగుతుంది. మాచర్ల డిపోలో బస్సుని షెడ్డులో పెట్టి చూసేది బస్సుకి పని లేక కాదు. మనకి సెలవులున్నాయి, రాత్రులున్నాయి.

రెండో ఎదురు మాట బలమైంది, దాన్ని నేను దాటెయ్యదలుచుకోలేదు. పరీక్షలో పాసయినంత మాత్రాన యంత్రం మంచిదని నమ్మొచ్చా? నమ్మకూడదు. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్కుల చరిత్ర చూసి ఒక పత్రం రాశారు. చచ్చిపోయిన డిస్కుల్లో 36 శాతానికి పైగా, చచ్చేముందు తమ స్వయంపరీక్ష లెక్కల్లో ఏ గుర్తూ చూపించలేదు. నిన్న సాయంత్రం దాకా నవ్వుతూ తిరిగిన మనిషి లాగా పోయాయన్నమాట. అదే కంపెనీవాళ్ల 2009 నాటి పత్రం ప్రకారం, ఏడాదిలో దాదాపు మూడోవంతు యంత్రాల్లో కనీసం ఒక సరిదిద్దిన మెమరీ తప్పయినా కనిపించింది. అంటే మెమరీ తప్పు ఎక్కడో ఎప్పుడో జరిగే వింత కాదు. ఫేస్‌బుక్ వాళ్లు 2021లో ఇంకా చిత్రమైనది రాశారు. ఒక ప్రాసెసరులో ఒక్క భాగం, ఒకటీ పాయింటు ఒకటిని 53 సార్లు హెచ్చించమంటే 156 చెప్పాల్సింది సున్నా చెప్పేది. మిగతా లెక్కలన్నీ బాగానే చేసేది. మామూలు పరీక్షలకి దొరకలేదు. ఎన్నో రోజులు వెతికితేగాని బయటపడలేదు.

అన్నిటికన్నా నాకు నచ్చిన కథ బెల్జియంది. ఎన్నికలంటే మనవాళ్లకి ఆసక్తి గనక చెబుతాను. 2003 మే ఎన్నికల్లో బ్రసెల్స్ పక్కన షేర్‌బీక్ అనే చోట ఓట్లు లెక్కపెట్టే కంప్యూటరు ఒక అభ్యర్థికి 4096 ఓట్లు ఎక్కువ ఇచ్చింది. రావటానికి వీల్లేనన్ని వచ్చాయి గనక దొరికింది. మన క్లాసులో వాళ్లకి ఆ అంకె చూడగానే అర్థమై వుంటుంది. రెండుని పన్నెండుసార్లు హెచ్చిస్తే 4096. అంటే ఒకే ఒక్క బిట్టు సున్నా నుంచి ఒకటయింది. తరవాత యంత్రాన్ని ఎంత పరీక్షించినా లోపం దొరకలేదు. ఏదో క్షణాన తనంతట మారిన బిట్టు అని తేల్చారు. అదే మన ఊళ్లో జరిగి, 4096 కాకుండా 16 ఓట్లు ఎక్కువొచ్చి వుంటే, బిట్టు మీద కేసు పెడతామా? ఆ బూతులో కూర్చున్న పంతులు గారి ఉద్యోగం వూడదూ?

అంచేత పరీక్ష "తప్పుంది" అంటే నమ్మండి. "తప్పు దొరకలేదు" అంటే ఆ మాటని అంతవరకే తీసుకోండి. నకళ్లు తియ్యటం మానొద్దు. నవంబరు నకలు జనవరిలో ఎక్కించిన కాలేజీ గతి పైన చెప్పాను. కాని పరీక్షకి దొరకని తప్పులున్నాయి గనక పరీక్షే వద్దనటం, పరీక్ష రాసినా ఫెయిలయ్యేవాళ్లున్నారు గనక పరీక్షలే వద్దన్నట్టు వుంటుంది. (ఈ రెండో మాటకి మాత్రం ఇక్కడ మద్దతు ఎక్కువే వుంటుందని తెలుసు.)

అన్న సంగతి చెప్పలేదు. ఆ మే నెలలోనే వెతుక్కుంటూ మాచర్ల పోయాను. బస్టాండు దగ్గర ఒక సెల్‌ఫోన్ల కొట్లో కూర్చుని ఎవరిదో ఫోను విప్పుతున్నాడు. నేను నిలబడే జరిగింది చెప్పాను, స్లాటు నంబరుతో సహా. అర్జీ నేనే రాశానని కూడా చెప్పాను.

"తెలుసులే తమ్ముడూ. దస్తూరీ చూశా," అన్నాడు.

"ఆ మెమరీ స్టిక్కే అన్నా. పండగ నాడే ఆగింది. నువ్వు లేనప్పుడు."

"డిసెంబర్లోనే ముందరి లైటు నీలం పోయి నారింజ రంగు వచ్చింది. చూపించమని ఆఫీసులో కాయితం రాసి ఇచ్చా. లైటు వెలుగుతోంది గదా, పని చేస్తున్నట్టే గదా, అన్నారు."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కాలేజీలో చెప్పి మళ్లీ పిలిపిస్తానన్నాను. వద్దన్నాడు. అయినా పోయి ఆఫీసులో చెప్పాను, డైరీ అచ్చు తీసిన కాయితం కూడా ఇచ్చాను. ఫైల్లో పెడతామన్నారు. పెట్టే వుంటారు. ఆయన్ని ఎవరూ పిలవలేదు.

ఇప్పుడు మన కాలేజీకి వస్తాను. మన ల్యాబు సర్వరు బాగానే వుంది, దాని మీద నాకేమీ ఫిర్యాదు లేదు. బాగున్నప్పుడే చూడాలన్నది నా మనవి. ప్రతి సెమిస్టరు సెలవుల్లోనూ ఒకసారి పెద్ద పరీక్ష నడపాలి. ఎండాకాలానికి ముందు దుమ్ము దులిపి ఇంకోసారి. ఫలితం, తేదీ, కోడు నోటీసుబోర్డు మీద పెట్టాలి, మార్కుల లిస్టు పెట్టినట్టే. నెలకోసారి ఆ డైరీ చదివే పని తుది సంవత్సరం విద్యార్థులకి వంతులవారీగా అప్పజెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎప్పుడైనా రికార్డులు చెడితే, ఏ సిబ్బంది మీదైనా చర్య అనే మాట రాసే ముందు యంత్రం పరీక్ష కాయితం ఆ ఫైలుకి జతచెయ్యాలి. ఇది మన సంఘం తీర్మానంగా పెట్టమని అడిగాను. కార్యదర్శి, "ఇందులో నినాదమేముంది?" అని గొణిగాడుగాని పెట్టాడు. విభాగాధిపతి గారు అర్జీ ఇమ్మన్నారు, ఇచ్చాం. ఈ అర్జీ మీద కూడా మొదటి సంతకం నాదే.

అనుమతి వచ్చింది. ఈ సెమిస్టరు పరీక్షలు ముగిసిన మర్నాడు, రాత్రి ఎనిమిదింటికి మొదలు పెడతాం, తెల్లవారేదాకా నడుస్తుంది. నకలు ముందు రోజే తీసి వుంచుతాం. ఏ బ్రాంచి వాళ్లయినా రావచ్చు, మెకానికల్ వాళ్లు తప్పక రండి, ఫ్యాన్ల దగ్గర మాకు మీ అవసరం వుంది. దుమ్ము దులుపుతాం గనక ముక్కుకి రుమాలు తెచ్చుకోండి. చెవుల్లోకి కాస్త దూది కూడా. ఫ్యాన్లు పూర్తి వేగానికి పోయినప్పుడు పక్కవాడి మాట వినపడదు.